లేని కాలు

మా బస్తీ అంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఆమెకు ఎడమ కాలు మోకాలి కింద లేదు. ఆరాంఘర్ చౌరస్తా దగ్గర లారీ కింద పడి ఆ కాలు పోయింది. అయినా పాదం ఉండాల్సిన చోట చాప మీద గోకుతూనే ఉండేది.

పందొమ్మిది వందల తొంభైల్లో ఒకసారి, నొప్పితో మూడు రోజులు నిద్రలేక, నన్ను వెంటబెట్టుకొని దవాఖానకు వెళ్లింది. కాంపౌండర్ నవ్వాడు.

“లేని కాలు నొస్తదా ఖాలా? మాత్రల కోసం నాటకమా?”

“కాలే పోయింది బిడ్డా. తెగిన నరం ఇంకా తలకాయకు ఖబర్ పంపుతనే ఉన్నది. కోసిన డాక్టరే చెప్పిండు. నేను అబద్ధమాడుతున్ననని చిట్టీ మీద రాసి సంతకం పెట్టు. గీమె చదువు నేర్చింది, బస్తీల అందరికీ చదివి వినిపిస్తది.”

అతను నా వైపు చూశాడు. నేను కళ్లు దించలేదు. పెన్ను పక్కన పెట్టి మాత్రలు పొట్లం కట్టాడు.

అప్పటికి వయోజన బడిలో నేను నేర్చింది అ నుంచి ఐ వరకే. ఆ సంగతి ఖాలాకు బాగా తెలుసు.