ఉప్పులో దాచిన ఎండ: ఆళ్లగడ్డ దాకా ఒక ప్రయాణం

గుంటూరు స్టేషన్లో ఎనిమిదింటికి రావాల్సిన రైలు తొమ్మిదింబావుకి వచ్చింది. అప్పటికే నడుం పట్టేసింది. రెండు మోకాళ్లకీ పట్టీలు, భుజాన ఒక సంచి, అందులో మా ఆవిడ కట్టిచ్చిన పెరుగన్నం. అరవై రెండేళ్ల వయసులో ఉప్పు ట్యాంకు చూడ్డానికి నంద్యాల మీదుగా ఆళ్లగడ్డ వెళ్తున్నానంటే బల్ల మీద పక్కన కూర్చున్నాయన నమ్మలేదు.

"ఉప్పు చూడాలంటే చినగంజాం వెళ్లాలి కదండీ" అన్నాడు.

"ఆ ఉప్పు కాదు" అన్నాను. అంతకుమించి చెప్పే ఓపిక లేకపోయింది.

ఇక్కడ చెబుతాను. నేను బొగ్గుతో నడిచే కరెంటు స్టేషన్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఉష్ణోగ్రత, ఒత్తిడి కొలిచే పరికరాలు చూసుకోవడం నా పని. నా దగ్గర పదకొండేళ్లు పనిచేసిన శాంసన్‌ది ఉయ్యాలవాడ దగ్గర పల్లె. ఐదేళ్ల క్రితం సొంత ప్రాంతానికి వెళ్లిపోయాడు. ఆళ్లగడ్డకి ఇవతల ఒక పాల సంఘం చిన్న సౌర విద్యుత్ ప్లాంటు పెట్టుకుంటే దానికి ఇన్‌చార్జి అయ్యాడు.

ఇళ్ల కప్పుల మీద మనం చూసే పలకల్లాంటిది కాదది. వరసగా నిలబెట్టిన వంపు అద్దాలు ఎండనంతా ఒక గొట్టం మీదికి తోస్తాయి. గొట్టంలో ఒకరకం ఉప్పు కరిగి నీళ్లలా పారుతుంది. ఎరువుల కొట్లో దొరికే ఉప్పులకి చుట్టం లాంటిది. ఆ ఉడుకు ఉప్పుని పెద్ద ట్యాంకులో నిలవ చేస్తారు. పొద్దు వాలాక దాని వేడితో నీటిని ఆవిరి చేసి టర్బైను తిప్పుతారు. ఆ కరెంటుతో సంఘం వాళ్లు పాలను తెల్లవార్లూ చల్లగా ఉంచుకుంటారు. రాత్రి కూడా ఆగకుండా నడవడమే దాని గొప్పంతా. కానీ వానాకాలం మొదలైనప్పటి నుంచి తెల్లవారకముందే ఆగిపోతోంది. అప్పుడు డీజిల్ ఇంజను వేసుకోవాల్సి వస్తోంది.

"సార్, మీరొచ్చి ఒక్కసారి సూడల్ల" అని శాంసన్ ఫోన్ చేశాడు. "సోమవారం మాట తేల్చేస్తామంటాండారు మా సంఘం పెద్ద శెట్టిగారు. మూసినారంటే మళ్లీ తెరవరు."

నరసరావుపేట దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. గిద్దలూరు తర్వాత నల్లమల. బోగీలో చీకటి, వెలుగు, మళ్లీ చీకటి. ఎదురుగా కూర్చున్న ముసలమ్మ సొరంగం వచ్చినప్పుడల్లా తన మూట మీద చెయ్యి వేసుకుంది. నేను పెరుగన్నం సగం తిని సగం వదిలేశాను. నంద్యాలలో దిగేసరికి మూడున్నర దాటింది. స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటోలో వెళ్లి, టీ తాగి, ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఇటు వచ్చేవాళ్లకి ఒక మాట: సాయంత్రం ఈ బస్సుల్లో సీటు కావాలంటే బస్టాండు లోపలే ఎక్కాలి. గేటు దగ్గర ఆపుతాడులే అనుకుంటే గంటంబావు నిలబడి వెళ్లాల్సిందే.

నా పక్కన యాభై ఏళ్లామె కూర్చుంది. ఒళ్లో ఆసుపత్రి చీటీలున్న కవరు.

"యాడికి పోతాండారు సార్?"

"ఆళ్లగడ్డకి ముందు, అద్దాల ప్లాంటు దగ్గర దిగుతాను."

ఆమె నావైపు పూర్తిగా తిరిగింది. "నేను ఆడనే పని చేస్తా. అద్దాలు తోముతా. నా పేరు ఎలీశమ్మ. మాది శిరివెళ్ల పక్కన."

వచ్చిన పని చెప్పాను. కవరు పక్కకి సర్దుకుని, అడక్కుండానే చెప్పింది. "మొదట ఎనిమిది మందిమి తోమేది. ఎండాకాలంలో నలుగురిని తీసేసినారు. ఇది నల్లరేగడి సార్. ఒక్క ట్రాక్టరు పోయిందంటే అద్దం మీద పేరు రాయచ్చు, అంత దుమ్ము. నలుగురం ఎన్ని తోముతాం? ఈ కొసకు పోయేసరికి ఆ కొస మళ్లీ బూడిద."

"ఎవరికైనా చెప్పారా?"

"మా మాట యాడ పట్టించుకుంటారు? మీరు రాయండి. మూసేయమని మాత్రం రాయొద్దండి."

చూసిందే రాస్తానన్నాను. ఆ జవాబు ఆమెకి నచ్చినట్టు లేదు. శిరివెళ్లలో దిగేటప్పుడు మాత్రం "పైలంగా పోండి సార్" అంది.

ప్లాంటు దారి దగ్గర శాంసన్ మోటార్ సైకిల్‌తో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. పొద్దు వాలుతోంది. అద్దాల వరసలన్నీ పడమటికి తిరిగి ఉన్నాయి. వేలితో గీస్తే గీత పడింది. వాటి వెనక పెద్ద షెడ్డులో టర్బైను సన్నగా ఈల వేస్తూ తిరుగుతోంది. పాల ఆటోలు వచ్చి క్యాన్లు దింపుతున్నాయి. మీటర్లన్నీ ఒకసారి చూశాను. తప్పేమీ కనబడలేదు. నిలబడే ఓపిక లేక, "పొద్దున్నే చూద్దాం, పద" అన్నాను.

ఆళ్లగడ్డ బస్టాండు ఎదురుగా లాడ్జిలో గది ఐదొందలు. దుప్పటి అడిగితే ఇస్తారు. జొన్నరొట్టె, వంకాయ కూర తిని తొమ్మిదికల్లా పడుకున్నాను. లారీల చప్పుడుకి రెండుసార్లు మెలకువ వచ్చింది.

మర్నాడు శనివారం. శాంసన్ వచ్చి తలుపు కొట్టేసరికి ఐదున్నర. వెళ్లేసరికి టర్బైను ఆగిపోయే ఉంది. దాని బదులు డీజిల్ ఇంజను దడదడలాడుతోంది.

"నాలుగున్నరకు ఆగింది సార్. ఉప్పు వేడి తగ్గిపోయింది. అంతకంటే తగ్గితే గొట్టాల్లో గడ్డ కడతాది."

చలి బాగా ఉంది. మోకాళ్లు సాగదీసుకుందామని ట్యాంకు చుట్టూ నడిచాను. రెండంతస్తుల ఎత్తు ట్యాంకు. వేడి బయటికి పోకుండా చుట్టూ మందంగా దూదిలాంటి రాక్‌వుల్, దానిపైన అల్యూమినియం రేకు. అరచెయ్యి ఆనిస్తే రేకు చల్లగానే తగిలింది. ఉత్తరం వైపు తిరిగేసరికి ఒక కుక్క, దాని నాలుగు పిల్లలు ట్యాంకుని ఆనుకుని నిద్రపోతున్నాయి. చుట్టూ అంత చోటుండగా ఆ ఒక్క చోటే.

"ఇది రోజూ ఇక్కడే పడుకుంటుందా?"

"వాచ్‌మన్ తరుముతానే ఉంటాడు సార్. మళ్లీ ఈడికే వస్తాది."

కుక్కని అదిలించి మోకాలెత్తున చెయ్యి పెట్టాను. వెంటనే తీసేశాను. చురుక్కుమంది. తలుపంత మేర రేకు వేడెక్కి ఉంది. మధ్యలో ఉష్ణోగ్రత కొలిచే గొట్టం. చుట్టూ ఉన్న మరల మీద కొత్త గీతలు.

"ఈ రేకు ఎవరు విప్పారు?"

శాంసన్ స్పానర్ తెచ్చి తనే విప్పాడు. రేకు వెనక జానెడు మందం ఉండాల్సిన రాక్‌వుల్ గడ్డకట్టి కిందికి జారిపోయింది. పైన రెండు వేళ్ల మందం కూడా లేదు.

"నేనే విప్పినా సార్" అన్నాడు చివరికి. "వానల్లో ఈ గొట్టం కాడ మీటరు పాడయింది. మారుస్తాంటే సగంలో వానొచ్చింది. మాపటి పాలు వచ్చేసినాయి. ఆరబెట్టేదానికి టయిం యాడుంది? తడిసినదాన్నే లోపలికి తోసి మూసేసినా. రేపు విప్పి కొత్తది పెడదాం, ఎల్లుండి పెడదాం అనుకుంటానే ఉండిపోయినా."

"అయితే నీకు తెలుసన్నమాట. మరి నన్నెందుకు పిలిచావు?"

వాడు నేలవైపు చూశాడు. "అనుమానం ఉండాది సార్. ఇన్ని నెలలు డీజిల్ కాల్చినంక నా నోటితో ఎట్ల చెప్పేది? మీరు కనిపెడితే అప్పుడు ఒప్పుకుందామనుకున్యా."

ఆ మాట వినడానికేనా సొరంగాలు దాటి, బస్సుల్లో నలిగి ఇంత దూరం వచ్చాను? దగ్గర్లో తలకిందులుగా పెట్టిన పాల క్యాను ఉంటే దాని మీద కూర్చున్నాను. ఎవరో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తెచ్చిపెట్టారు. తిన్నాను. ఆకలి వేరు, కోపం వేరు.

తర్వాత కాగితం తీసుకుని రాశాను. ట్యాంకు ఉత్తరం వైపు వేడి పోతోంది, రాక్‌వుల్ మార్చాలి. అద్దాల మీద దుమ్ము వల్ల పగలు చేరాల్సిన వేడి చేరడం లేదు, తోమేవాళ్లు చాలరు. రెండూ సరిచేస్తే తెల్లవారేదాకా నడవడానికి అవకాశం ఉంది. నడుస్తుందని హామీ మాత్రం రాయలేదు. తడిసినదాంతో ఎవరు మూశారన్న చోట పెన్ను ఆగింది. "వానకి పాడైంది అని రాస్తాను. అబద్ధం కాదు కదా" అన్నాను. శాంసన్ విప్పిన మరలు ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశాడు.

పదింటికి రంగయ్య శెట్టిగారు వచ్చారు. ఆళ్లగడ్డలో ఎరువుల వ్యాపారం, పాల సంఘానికి అధ్యక్షుడు. కళ్లజోడు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివారు.

"అద్దాల కాడ మనుషుల్ని తీసేయమన్నది నేనే" అన్నారు నాతో. "సరే. ఈ ట్యాంకు కట్టినోళ్లు సరిగా కట్టలేదా?"

"కట్టినోళ్ల తప్పేం లేదు శెట్టిగారూ" అన్నాడు శాంసన్ వెనక నుంచి. "నేనే వానలో విప్పి తడిసినదాంతోనే మూసినా. ఇన్నాళ్లు చెప్పలేదు."

శెట్టిగారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. "రోజూ తెల్లారుజామున డీజిల్ డబ్బా మోస్తివే. అప్పుడన్నా నోరు రాలేదా నీకు?"

"భయమేసింది."

ఆయన బయటికెళ్లి, విప్పిన రేకు దగ్గర వంగి చూసి వచ్చారు.

"పొద్దు మునిగినంక గూడా నడుస్తాదంటేనే దీనికి ఒప్పుకున్యాం" అన్నారు శెట్టిగారు చివరికి. "బాగుచెయ్యండి. రెండు నెలలు సూస్తాం. అప్పటికీ ఆగిపోతాంటే మూసేద్దాం. అద్దాలకు ఇంకో ఇద్దర్ని పెట్టుకోండి. నలుగురిని పెట్టలేను. నువ్వు పనిలో ఉండు. తాళాలు, లెక్కల పుస్తకం మాత్రం ఇంకొకరి చేతికి ఇచ్చేయ్."

శాంసన్ జేబులోంచి తాళాలు తీసి బల్ల మీద పెట్టాడు. అద్దాల దగ్గర బకెట్టుతో నిలబడ్డ ఎలీశమ్మకి శెట్టిగారి మాట నేనే వెళ్లి చెప్పాను.

"ఇద్దరేనా?" అంది. గుడ్డ బకెట్టులో ముంచుకుని, "ఇద్దరైనా మేలే" అని మళ్లీ పనిలో పడింది.

పన్నెండింటికి శాంసన్ నన్ను ఆళ్లగడ్డలో బస్సెక్కించాడు.

"మీరు ఒక్కమాట గూడా తిట్టలేదు సార్."

"ఓపిక లేదురా" అన్నాను. నిజమే చెప్పాను.

నంద్యాలలో భోజనం చేసి మధ్యాహ్నం రైలు పట్టుకున్నాను. జనరల్ పెట్టెలో పైబల్ల దొరికింది కానీ మోకాళ్లతో అక్కడికి ఎక్కలేను. ఒక కాలేజీ అమ్మాయి జరిగి కాస్త చోటిచ్చింది. రైలు ఇంకా కదలకముందే శాంసన్ ఫోన్ చేశాడు. పాత రాక్‌వుల్ మొత్తం లాగేశామనీ, కొత్తది కర్నూలు నుంచి సాయంత్రానికి వస్తుందనీ చెప్పాడు. మాట అయిపోయాక కూడా ఫోన్ పెట్టలేదు.

"సార్, మీరెప్పుడన్నా ఇట్ల చేసినారా?"

నేను పనిచేసిన కరెంటు స్టేషన్లో రికార్డు పుస్తకం ఉండేది. పరికరం పాడైనప్పుడు కారణం రాయాలి. ముప్పై ఏళ్లలో నాలుగైదుసార్లు 'కారణం తెలియలేదు' అని రాసి సంతకం పెట్టాను.

"చేశాను. రెండుసార్లు కారణం నేనే. ఎవరికీ చెప్పలేదు."

"సరే సార్. పైలంగా పోండి" అన్నాడు.

ఆ ప్లాంటు చూడాలనుకునేవాళ్లు చలికాలంలో వెళ్లండి, తెల్లవారకముందే వెళ్లండి. పగలు ఎండలో అది ఎలాగూ నడుస్తుంది. దాని బలమూ బలహీనతా తెలిసేది తెల్లవారుజామునే. బాగైందో లేదో ఇది రాసేనాటికి నాకు తెలియదు, రెండు నెలల గడువు ఇంకా ఉంది. ఇక నా సంగతి. అన్నేళ్లు దాచిన మాట చెప్పుకున్నాక గుండె తేలికైందని అనను. నడుం నొప్పి అలాగే ఉంది, మోకాళ్లూ అలాగే ఉన్నాయి. కానీ ఆ చెక్కబల్ల మీద, అంత రద్దీలో, కూర్చున్నచోటే నిద్ర పట్టేసింది. నల్లమల ఎప్పుడు దాటిందో తెలియలేదు. నరసరావుపేటలో దిగబోతూ ఆ అమ్మాయి భుజం తట్టి లేపేదాకా మెలకువ రాలేదు.