హంగరీ ఆయన ఇంకా గెలవలేదు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఈత వచ్చినవాళ్లు ఎవరూ లేరు. పుంగనూరుకు అవతల మిట్ట మీది ఊరు మాది. చెరువు నిండగా చూసింది ముసలివాళ్లే. అలాంటి ఊళ్లో మా మేనమామ, బళ్లో డ్రిల్లు అయ్యవారు, పేపర్లోంచి కత్తిరించిన బొమ్మ ఒకటి గోడకు అంటించుకున్నాడు. హంగరీ దేశంలో పడవ పందేల వీరుడట. సన్నటి పడవలో ఒంటి మోకాలి మీద నిలబడి తెడ్డు వేస్తుంటాడు. నీళ్లు లేని ఊళ్లో ఈ పిచ్చేమిటని మా అమ్మ తన తమ్ముణ్ణి ఎగతాళి చేసేది. నేనూ నవ్వేదాన్ని.

తొంభైల్లో ఒక ఏడు తుపాను వానకు చెరువు నిండింది. ఎక్కువైన నీళ్లు పోయే మొరవ పొంగి బస్సురోడ్డు తెగిపోయింది. మామ తప్ప మగవాళ్లంతా గండి పూడ్చడానికి పోయిన మధ్యాహ్నం, వేరుశనగ కట్టె వామి దగ్గర మా తమ్ముణ్ణి రక్తపింజరి కరిచింది. వాడికి ఆరేళ్లు, నాకు పదకొండు. కాలు చూస్తుండగానే వాచింది. మందు మదనపల్లె ఆసుపత్రిలో ఉంది, అక్కడికి పోయే జీపు చెరువుకు అవతలి గట్టున ఉంది. ఆ వాన కోసం మేమంతా ఎన్నేళ్లు మొక్కుకున్నామో! ఆ రోజు దేవుడి మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మామ గానుగ దగ్గర బోర్లించి ఉన్న, నలుగురు పట్టేంత బెల్లం వండే పెనాన్ని నీళ్లలోకి దించాడు. అమ్మ తమ్ముణ్ణి ఒళ్లో పెట్టుకుని మధ్యలో కూర్చుంది. తెడ్లు ఎక్కడివి? మామకొక పార, నాకొక పార. పొలం కాలవలో మన్ను తీసి మడవ తిప్పడం తప్ప నీళ్లతో ఇంకో పని ఎరగని వాళ్లం కదా, చెరువును మన్ను తవ్వినట్టు తవ్వి, ఎత్తి పక్కకు పోశాం. పెనం ఉన్నచోటనే గిర్రున తిరిగింది. ఎత్తిన నీళ్లు సగం మా మీదే పడ్డాయి. అమ్మ తమ్ముడి పేరు పిలుస్తూనే ఉంది. వాడు పలకడం తగ్గిపోయింది.

అప్పుడు మామ నన్ను ముందుకు జరిపి, ఆ బొమ్మలోలాగా ఒంటి మోకాలి మీద నిలబెట్టాడు. ఎడమ పక్క నేను, కుడి పక్క తను. "తవ్వొద్దు, ఎత్తొద్దమ్మా. ముందర దించు, మోకాలికాడికి లాగు," అన్నాడు. పెనం కదిలింది. కానీ కొంతసేపటికి నా చేతులు పడిపోయాయి. తలెత్తి చూస్తే గట్టు ఉన్నచోటే ఉంది. నా వల్ల కాదు మామా, తమ్ముడు చచ్చిపోతాడు అని ఏడ్చాను.

మామ ఓదార్చలేదు. హంగరీ ఆయన కథ మొదలుపెట్టాడు. మొదటి పందెంలో ఆయన అందరికంటే ఆఖరున వచ్చాడట. మరుసటి ఏడు నాలుగోవాడట. చలికాలం నది మీద మంచు పగలగొట్టి సాధన చేశాడట. భుజం జారి ఒక ఏడంతా పోయిందట. నేను లాగుతూనే అడిగాను.

"ఈసారన్నా గెలిసినాడా మామా?"

"యాడ గెలిసినాడు? రెండోవాడే. ఇంగో పందెముండాది, లాగు."

ఎన్ని పందేలయ్యాయో నాకు తెలియదు. చివరికి పెనం అవతలి గట్టు బురదలో దిగబడింది. జీపు అమ్మనూ తమ్ముణ్ణీ తీసుకుని మదనపల్లెకు వెళ్లిపోయింది. మేమిద్దరం గట్టు మీద కూలబడ్డాం. చివరికి గెలిచాడా అని మళ్లీ అడిగాను.

"నాకేం తెలుసమ్మా. బొమ్మ కింద ఉండేది రెండు లైన్లే. కతంతా నేను అల్లిందే. గెలిసినాడని సెప్తే నువ్వు పార ఇడిసిపెట్టేస్తావని గెలిపీలేదు."

అంత అబద్ధం చెప్పాడని ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. తమ్ముడు పదకొండో రోజు కుంటుతూ ఇంటికి వచ్చాడు.

తరవాత చాలా ఏళ్లకు మామకు పక్షవాతం వస్తే కుప్పం ఆసుపత్రిలో నెలరోజులు నేనే ఉన్నాను. రోజూ నడిపించేదాన్ని. నాలుగడుగులకే ఆయన గోడ పట్టుకుని, ఇంగ సాలు తల్లీ, ఈ కాలు రాదు అని కన్నీళ్లు పెట్టుకునేవాడు. వస్తుందని నేను ఒక్కరోజూ అనలేదు. నాకూ నమ్మకం లేదు. హంగరీ ఆయన మొన్నటి పందెంలో మూడోవాడిగా వచ్చాడని మాత్రం చెప్పాను. మామ గోడ వదిలిపెట్టాడు.