సూర్‌లో రెండుసార్లు కట్టిన గోడ

ఒమన్ దేశం సూర్‌లో నేను కట్టిన గోడను కూలగొట్టించిన కెనడా సార్ పోయారట. పోయిన శుక్రవారం మా పాత ఫోర్‌మన్ భాయ్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, అప్నా కెనడా సార్ గుజర్ గయే. ఆయన బిడ్డ ఫోన్ చేసింది."

"గోడ సంగతి ఏమన్న చెప్పిండా పోయేముందు?" అన్నాను.

"నువ్వు ఇంకా ఆ గోడను ఇడువలేదా?" అన్నాడు భాయ్.

విడువలేదు. ఎందుకు విడుస్తాను? రసమట్టం పెడితే బుడగ అటూ ఇటూ కదలని గోడ అది. పోయిన మనిషి గురించి మంచే రాయాలంటారు. మంచి చాలా ఉంది, రాస్తాను. కానీ గోడ సంగతి కూడా రాస్తాను.

తొంభైల మొదట్లో సూర్ సముద్రపు ఒడ్డున ఒక గెస్ట్‌హౌస్ పని జరిగింది. సైట్‌లో ఎక్కువగా కరీంనగర్, నిజామాబాద్ వాళ్లం. సార్ దానికి ఆర్కిటెక్ట్. నక్షా గీసి ఆఫీసులో కూర్చునే రకం కాదు, రోజూ సైట్‌కు వచ్చేవారు. పొడుగు మనిషి, ఎండకు ఎర్రగా కమిలిన మెడ, తల మీద తడి తువ్వాల. మధ్యాహ్నం మేమంతా నీడకు పోతే ఆయన ఎండలోకి పోయేవారు. గోడ నీడ ఎంతదాకా వస్తుందో చూసి నేల మీద సున్నంతో గీతలు గీసేవారు. "ముందు నీడ కట్టాలి, తర్వాత గోడ" అనేవారు వచ్చీరాని హిందీలో. నీడను ఎట్లా కడతారని మేం నవ్వుకున్నాం.

ఆయనకు బొమ్మలు వేయడం ఇంకో పిచ్చి. ఖాళీ సిమెంటు సంచులు చించి, లోపలి కాగితం దులిపి, దాని మీద రంగులు వేసేవారు. నీళ్లు దగ్గర లేకపోతే పాలు లేని సులేమానీ చాయలోనే కుంచె ముంచేవారు. ఒకసారి నీలం రంగు కలిసిన ఆ చాయ నోటిదాకా తీసుకుపోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. మా రూమ్ ముందు ఆరేసిన లుంగీలను కూడా బొమ్మ వేశారు. లుంగీల్లో ఏం చూశారో ఇప్పటికీ నాకు తెలియదు.

అడిగితే అన్నీ చెప్పేవారు. వాళ్ల నాన్న పశువుల కొట్టాలు కట్టే వడ్రంగి. మిగిలిన చెక్కల మీద బొమ్మలు వేసి చిన్నప్పుడు దెబ్బలు తిన్నారట. బొమ్మలు కూడు పెట్టవని ఇళ్లు గీసే చదువు చదివారు. కెనడాలో, ఆ చలి దేశంలో బడులు కట్టారు. ఒమన్ కోటలు చూసిపోదామని వచ్చి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల ఊళ్లో చలికాలం చెరువు గడ్డకట్టి, దాని మీద లారీలు పోతాయని ఒకరోజు చెప్పారు.

"సార్, జూట్ మత్ బోలో" అన్నాను, అబద్ధాలొద్దని.

ఆయన పడీపడీ నవ్వి, చెరువు మీద లారీని గీసి ఇచ్చారు. నేను నమ్మలేదు. కానీ సూర్‌లో ఉన్నన్ని రోజులూ ఆ బొమ్మ నా మంచం పక్కనే ఉంది.

ఇక గోడ. వాకిట్లో సముద్రపు గాలికి అడ్డంగా రాతిగోడ కట్టాలి. దారం లాగి, నిలువు చూడ్డానికి గుండు వేలాడదీసి కట్టాను. సార్ వచ్చి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచారు, అరచేత్తో తడిమారు. "బహుత్ అచ్ఛా" అన్నారు. నేను మీసం దువ్వుకున్నాను. ఆయన ఫోర్‌మన్‌తో ఇంగ్లీషులో ఏదో అన్నారు.

"మేస్త్రీ, కూలగొట్టమంటున్నడు" అన్నాడు భాయ్.

"ఏంది? వంకరున్నదా?"

"లేదంట. మంచిగనే ఉన్నదంట."

"మంచిగుంటే కూలగొడ్తరా? ఆయనకు ఎండదెబ్బ తాకింది, నీడకు తీస్కపో."

తాపీ పడేసి కూర్చున్నాను. సార్ సంచి కాగితం తీసుకుని ముందు ఆ గోడ బొమ్మ వేసుకున్నారు. రంగు ఆరాక తానే సుత్తి పట్టి మొదటి రాయి ఊడదీశారు. తర్వాత నా దారం ఉండను జేబులో వేసుకుని, "మళ్లీ కట్టు, దారం లేకుండా" అన్నారు.

పక్క సైట్ వాళ్లకు పండగే అయింది. "ఓ మేస్త్రీ, నీ దారం కెనడా పోయిందట గదా! వీసా ఎవరిచ్చిన్రు?" అని అరిచేవాళ్లు.

పంతానికి కట్టాను. ఒక కన్ను మూసి చూసుకుంటూ కట్టాను. ఎక్కడా వంకర పోలేదు. కట్టేటప్పుడు ఛాతీ ఎత్తున ఒక గూడు వదిలాను. ఎవరూ అడగలేదు, నక్షాలోనూ లేదు. మా ఇంట్లో అమ్మ దీపం పెట్టే గూడు అట్లాగే ఉండేది. చెయ్యి దానంతట అదే వదిలింది. సార్ వచ్చారు. గోడ ఎంత నిటారుగా ఉందో చూడనే లేదు. గూట్లో చెయ్యి పెట్టి నిలబడ్డారు. నక్షా తప్పినందుకు తిట్లు తప్పవనుకున్నాను. "అబ్ ఠీక్", ఇప్పుడు సరిగ్గా ఉంది, అని నా దారం నాకు ఇచ్చేశారు.

"అది గూడ సక్కగనే ఉండె, ఇది గూడ సక్కగనే ఉన్నది. మరి అదెందుకు కూలగొట్టిన్రు సార్?" అన్నాను. భాయ్ ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

"సోచో" అన్నారు సార్. ఆలోచించమని. ఎప్పుడు అడిగినా అదే మాట. ఆ తర్వాత రాతిపని ఎక్కడున్నా, మస్కట్‌లో అయినా సరే, నన్నే పిలిపించారు. పని బాగుండకపోతే పిలుస్తారా?

ఊరికొచ్చి నా ఇల్లు కట్టుకునేటప్పుడు ఎండలో నిలబడి ముందు నీడకు గీతలు గీశాను. జనం నవ్వారు. ఇప్పుడు వేసవిలో వాళ్లే మా అరుగు మీద నుంచి లేవరు. ఆ నీడ సార్ పెట్టిన భిక్ష. ఈ మాట ఆయనకు చెప్పలేకపోయాను.

సార్ వాళ్ల దేశం పోయాక ఇళ్లు గీయడం మానేసి బొమ్మలే వేశారట. పోయేదాకా పడుకున్న గదిలో మాత్రం ఒకే బొమ్మ ఉందని ఆయన బిడ్డ భాయ్‌తో చెప్పింది. సిమెంటు సంచి కాగితం మీద ఒక రాతిగోడ. ఏ గోడ అని అడిగాను. అది ఆమె చెప్పలేదట, భాయ్ అడగలేదట.

అందుకే ఇది రాస్తున్నాను. సూర్ సైట్‌లో పనిచేసిన వాళ్లెవరైనా చదివితే, కారణం సార్ మీతో చెప్పి ఉంటే నాకు చెప్పండి. ఆయన బిడ్డకు భాయ్ ఇది ఇంగ్లీషులో చదివి వినిపిస్తానన్నాడు. అమ్మా, ఆ బొమ్మను దగ్గరికి పోయి చూడు. గోడలో గూడు ఉందా? ఉంటే, అది నేను రెండోసారి కట్టిందే, మీ నాన్న రోజూ చాయ గ్లాసు పెట్టేది అందులోనే. గ్లాసు అడుగు మరక రాయి మీద గుండ్రంగా పడింది, ఎంత కడిగినా పోలేదు. ఆ మరక కూడా వేశారో లేదో చూడు. సద్దుల బతుకమ్మ నాటికి నాకు జవాబు కావాలి.