హన్మయ్య చెయ్యెత్తితే

చేవెళ్ల రోడ్డులోని హిమాయత్‌నగర్ ఊరి హన్మయ్య ఒకసారి చెయ్యెత్తాడంటే అడిగింది ఇచ్చేదాకా దించడు. ఆయనకున్న అవలక్షణం ఇదొక్కటే. కోపం లేదు, తాగుడు లేదు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. అడగాల్సింది ఒక్కసారి అడిగి, పిడికిలి బిగించి, కుడిచెయ్యి పైకెత్తి నిలబడతాడు. ఆ తర్వాత ఎండొచ్చినా, వానొచ్చినా, ఇంటికి చుట్టాలొచ్చినా ఆ చెయ్యి అక్కడే ఉంటుంది.

ఈ అలవాటుతో అందరికన్నా ఎక్కువ నలిగినవాడు ఆయన బామ్మర్ది భూపాల్. భూపాల్ చేవెళ్ల రోడ్డు మీద షేర్ ఆటో నడుపుతాడు. బావ రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడ్డ రోజున వచ్చిన ఆటో వచ్చినట్టే ఆగిపోయేది.

"యాడికి పోవాలె పెద్దాయనా?"

"యాడికి లేదు. నల్లా కోసం."

"మరి చెయ్యెందుకు ఎత్తినవ్?"

"చెప్తిని గద, నల్లా కోసమని!"

వెనక హారన్లు, ముందు తిట్లు. ఆఖరికి ఆటోవాళ్లంతా ఏకమై పంచాయతీ ఆఫీసులో గొడవ చేస్తేగానీ ఆ గల్లీకి నల్లా నీళ్లు రాలేదు, ఆ చెయ్యి దిగలేదు. ఇంట్లో భార్య నీలమ్మ బాధ నీలమ్మది. చెయ్యి పైనున్న మనిషికి చొక్కా ఎలా విప్పాలి? "ఎత్తేది ఉంటే జర ముందుగాల చెప్పయ్యా, అంగీ మార్పిస్త" అని మొగుణ్ణి బతిమాలుకునేది.

ఒకసారి వెంచర్ వాళ్లు పొలాలకు పోయే బాటకు అడ్డంగా గేటు పెట్టారు. హన్మయ్య వెళ్లి గేటు ముందు నిలబడ్డాడు. ఆదివారం ప్లాట్లు చూడ్డానికి కార్లలో వచ్చినవాళ్లు ఆయన్ని ఎవరో నాయకుడి విగ్రహం అనుకున్నారు. పక్కన నిలబడి ఫొటోలు దిగారు. అంతలో ఒక చిన్నపిల్ల "మమ్మీ, విగ్రహం తుమ్మింది!" అని కెవ్వుమంది. తుమ్మే విగ్రహమున్న చోట ఇల్లెలా కడతామని ఆ కుటుంబం కారెక్కేసింది. వాళ్లను చూసి వెనక కారు కూడా తిరిగింది. పొద్దుగూకేలోగా గేటు ఊడింది.

అందుకే భూపాల్ గట్టిగా తీర్మానించుకున్నాడు. ఆటోతోపాటు ఈ మధ్య ఇంకో పని పట్టుకున్నాడతను. అజీజ్‌నగర్ ఫాంహౌసుల్లో సినిమా షూటింగులు జరిగితే గుంపులో నిలబడ్డానికి ఊళ్లోంచి మనుషుల్ని తీసుకుపోవడం. ఎవరినైనా తీసుకుపోతాడు, బావను మాత్రం తీసుకుపోడు.

"పెండ్లి సీనుకన్న తీస్కపోరా" అంది నీలమ్మ.

"వద్దక్కా. అక్షింతలు వెయ్యనీకి చెయ్యెత్తి ఏమన్న అడిగిండనుకో, పెండ్లి ఆగిపోతది."

అయితే ఒకరోజు పొద్దున్నే ఒక మనిషి తక్కువపడ్డాడు. మార్కెట్లో కొత్తిమీర కట్టలు దింపేసి హన్మయ్య ఖాళీగా ఎదురుపడ్డాడు. భూపాల్ మనసు రాయి చేసుకున్నాడు.

"బావా, నా మీద ఒట్టు. ఏమీ అడగొద్దు."

"నాకేం గావాలె గని అడుగుత?" అన్నాడు హన్మయ్య ఆటో ఎక్కుతూ.

అది కార్మికుల సమ్మె సినిమా. తీస్తున్నవాడు విహాన్ అనే కుర్రాడు. కోస్తా నుంచి వచ్చి సిటీలో స్థిరపడ్డ సాఫ్ట్‌వేర్ వాళ్లబ్బాయి. అదే ఉద్యోగం చేసి, మానేసి, పేదల కష్టాల మీద మొదటి సినిమా తీస్తున్నాడు. ఫాంహౌసు గోదాముకు మిల్లు బోర్డు తగిలించారు. విహాన్ అందరినీ ముందు నిలబెట్టి సీను చెప్పాడు.

"చూడండి, మీలో ఒకతన్ని పనిలోంచి తీసేశారు. మీరంతా చేతులెత్తి, అతన్ని మళ్లీ తీసుకోవాలని అరుస్తారు. ఓనరు బయటికొచ్చి ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపుకి మీ చేతులు ఒక్కొక్కటే దిగిపోతాయి. అదీ ఇంటర్వెల్."

చేతులెత్తడం అనే మాట వినగానే భూపాల్ బావ వంక చూశాడు.

కెమెరా తిరిగింది. చేతులు లేచాయి. మీసాలు మెలేసుకుంటూ ఓనరు వేషగాడు వచ్చి ఉరిమి చూశాడు. చేతులు దిగాయి. చివర్లో ఒక్కటి దిగలేదు.

"కట్! ఆ పెద్దాయన చెయ్యి దించాలి!"

"తీసుకున్నడా?" అన్నాడు హన్మయ్య.

"ఎవర్ని?"

"తీసేసినోణ్ణి."

"తీసుకోడండీ! ఇది సినిమా కదా!"

"సినిమా అయితే? తీసుకుంటే దించుత."

విహాన్ తలపట్టుకున్నాడు. భూపాల్ పరుగెత్తుకెళ్లి ఒక ఉపాయం చెప్పాడు. అప్పట్నుంచి ప్రతి టేకులోనూ ఓనరు వేషగాడు నిప్పులు కురిపిస్తూ నడిచొచ్చి, హన్మయ్య పక్కకు రాగానే గొంతు తగ్గించి "తీసుకుంటాలెండి" అనేవాడు.

"ఒట్టేనా?"

"ఒట్టండీ."

చెయ్యి దిగేది. "ఇంత మంచి సేటును నేనెప్పుడూ చూడలె" అని హన్మయ్య భూపాల్‌తో మెచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నం విరామమిచ్చారు. అసలు గొడవ అప్పుడొచ్చింది. గుంపులో వచ్చిన ఆడవాళ్లు పొద్దున్నుంచి బాత్రూం లేక అవస్థ పడుతున్నారు. ఫాంహౌసులో వంటచేసే ముసలవ్వ కృష్ణమ్మ చూడలేక అతిథుల గది బాత్రూం తాళం తీసిచ్చింది. మేనేజరు చూశాడు.

"గెస్టుల బాత్రూం కూలోళ్లకు తెరుస్తవా? ఇంగ నీకు ఈడ పనిలేదు. పొద్దుగూకేసరికి రూము ఖాళీ చెయ్యి."

"తప్పయింది సారూ. నేను యాడికి పోవాలె?"

"అది నాకెందుకు?"

వంటింటి వెనక రేకుల గది తప్ప ఆమెకు వేరే నీడ లేదు. తోటమాలి విన్నాడు, వాచ్‌మన్ విన్నాడు. ఇద్దరూ నేల చూపులు చూశారు. ఆ మేనేజరు సరేనంటేనే భూపాల్ మనుషులకు ఇక్కడ పని దొరుకుతుంది. అందుకని భూపాల్ కూడా తనకేమీ వినపడనట్టు ఆటో టైరు తన్ని చూశాడు. టైరులో గాలి బాగానే ఉంది. తనమీద తనకే అసహ్యమేసింది.

సాయంకాలం అదే సీను ఇంకో పక్కనుంచి తీయాలన్నారు. ఎండ దిగిపోతోంది. రాత్రికి గోదాము ముందున్న లాన్‌లోనే ఎవరిదో ఫంక్షన్. టెంట్‌హౌసు వాళ్ల వ్యాను అప్పుడే వచ్చి గేటు దగ్గర హారన్ కొడుతోంది. మేనేజరు గొడుగు కింద కుర్చీ వేసుకుని తొందరపెడుతున్నాడు.

చేతులు లేచాయి. "తీసేసినోళ్లను పనిలకు తీస్కోవాలె!" ఈసారి హన్మయ్య గొంతు అందరికన్నా పైన వినిపించింది. ఓనరు వేషగాడు వచ్చాడు, ఉరిమాడు, చెవిలో చెప్పాడు. చెయ్యి దిగలేదు.

"తీసుకుంటానన్నా కదండీ!"

"నువ్వు మంచోనివే బాబూ. ఆయన చెప్పాలె." హన్మయ్య ఎడమచేత్తో గొడుగు కింది కుర్చీని చూపించాడు.

భూపాల్ దించమని సైగ చేద్దామని గుంపు వంక చూస్తే, బాత్రూంకి వెళ్లొచ్చిన ఆడవాళ్లలో ఒక్కరూ చెయ్యి దించలేదు. వాళ్లను చూసి మగవాళ్లూ దించలేదు. మేనేజరు లేచాడు.

"ఏం జేస్తున్నరు మీరంత?"

"యాక్టింగ్ జేస్తున్నం సార్" అంది ముందు నిలబడ్డ బీరమ్మ అమాయకంగా. "డైరెక్టర్ సార్ కట్ అనలె."

విహాన్ కట్ అనలేదు. తను రాసుకున్న సీను కళ్లముందు తనకు ఎదురుతిరిగి నిలబడితే ఆ కుర్రాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇక భూపాల్ ఆగలేకపోయాడు. పోతే పోయింది ఈ బేరం అనుకుని గుంపులోకి నడిచి తనూ చెయ్యెత్తాడు. కాసేపటికి కెమెరా వెనకనుంచి మాట వినిపించింది.

"విహాన్ సార్, మీ చెయ్యి ఫ్రేములోకొస్తోంది."

"రానీ" అన్నాడు విహాన్.

టెంట్‌హౌసు డ్రైవరు హారన్ మీద వేసిన చెయ్యి తీయడంలేదు. ఫంక్షన్ తాలూకు పెద్దమనిషి మేనేజరుకు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. లాన్ నిండా పిడికిళ్లే. మేనేజరు అటు చూశాడు, ఇటు చూశాడు.

"సరే, ఉండమను ముసలిదాన్ని!"

"నాకు గాదు. అవ్వకే చెప్పు, మంచిగ చెప్పు" అన్నాడు హన్మయ్య.

మేనేజరు వంటింటి దాకా నడిచాడు. "కృష్ణమ్మా, పనిల ఉండు. రూముల ఉండు" అన్నాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. విహాన్ అప్పుడు కట్ అన్నాడు. చేతులు దిగి చప్పట్లయ్యాయి.

ఇంటర్వెల్ మళ్లీ రాసుకోవాలని గొణుక్కుంటూ విహాన్ వెళ్లిపోయాడు. భూపాల్ బావమీద విరుచుకుపడ్డాడు.

"నీకెందుకు బావా గీ పంచాయితీలన్నీ? ఆ తోటమాలి లేడా, వాచ్‌మన్ లేడా?"

"వాళ్లు ఎత్తితే రేపు వాళ్లకు పనుంటదా?" అన్నాడు హన్మయ్య నెమ్మదిగా. "నన్నెవడు తీసేస్తడు? నా కొత్తిమీర తీసేస్తదా?"

భూపాల్ పాతవన్నీ గుర్తుచేసుకున్నాడు. నల్లా అడిగింది పక్క గల్లీకి, బావ ఇంట్లో బోరుంది. గేటు అడ్డమైంది లోపలి పొలాలకు, బావ మడి రోడ్డు పక్కనే ఉంది. ఇన్నేళ్లుగా ఈ మనిషి మొండితనమని తిట్టుకున్నదంతా, ఎత్తలేనివాళ్లకు తన చెయ్యి అరువివ్వడమేనని ఇప్పుడు తెలిసింది. బావ మీద ప్రేమ పొంగుకొచ్చింది. అంతలోనే ఆ చెయ్యి ఇంకా పైనే ఉండటం కనిపించింది.

"మళ్ల ఏమైంది? ఇంకేం గావాలె?"

"ఏం వద్దుర. భుజం పట్టేసింది. దిగుతలేదు."

కృష్ణమ్మ పళ్లెంలో అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు పెట్టుకుని వచ్చింది. ఆ చెయ్యి చూసి మారు మాట్లాడకుండా ఎదురుగా కూర్చుని, ముద్ద కలిపి నోటికందించింది. హన్మయ్య పసిపిల్లాడిలా తిన్నాడు. రెండో ముద్ద మింగి, సిగ్గుపడుతూ ఆమె వంక చూశాడు.

"అవ్వా, జర తొక్కు ఎక్కువెయ్యవా?"

తన కోసం ఆయన నోరు విడిచి అడగడం భూపాల్ ఎన్నడూ వినలేదు. కృష్ణమ్మ కళ్లెగరేసింది.

"ఉత్తగ అడుగుతున్నవా బిడ్డా, చెయ్యెత్తి అడుగుతున్నవా?"

"ఎత్తే ఉన్నది గదనే అవ్వా!"

ఆమె పకపకా నవ్వి, వంటింట్లోకి వెళ్లి తొక్కు జాడీయే ఎత్తుకొచ్చింది.