పురుగుల ఇంట్లో స్తోత్రం

చిక్కబళ్ళాపుర కొత్తగా జిల్లా అయిన రోజుల్లోనే నేను కూడా కొత్తగా సంతోషంగా ఉండటం మొదలుపెట్టాను. అంతకు ముందు సంతోషం ఎప్పుడైనా దానంతటదే వచ్చేది, వచ్చిన దారినే పోయేది. దాన్ని పనిగా పెట్టుకుని రోజూ చెయ్యాలని మా పాస్టరయ్య చెప్పేదాకా నాకు తెలియదు.

మాది జంగమకోటె దగ్గర ఒక చిన్న పల్లె. ఒక ఎకరా మల్బరీ తోట, ఇంటి వెనక రేకుల షెడ్డులో ముప్పై తట్టల్లో పట్టుపురుగులు, ఇదీ మా బతుకు. పెళ్ళయిన నాలుగేళ్ళకు నేనూ నా భార్యా ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నాం. ఊళ్ళో క్రైస్తవులం మేమిద్దరమే. ఆదివారం వస్తే శిడ్లఘట్టలో బస్సు మారి చింతామణికి పోయి, అక్కడ ఒక అద్దె హాల్లో జరిగే ఆరాధనలో కూర్చునేవాళ్ళం. మొదటి ఏడాది, ఇంకా షెడ్డు వెయ్యని రోజుల్లో, ఇద్దరం పోయాం. ఆ తర్వాత ఆమె ఒక వారం వచ్చి రెండు వారాలు మానేది. చివరికి నేనొక్కణ్ణే మిగిలాను. ఎందుకు రావడం లేదని ఆమెను అడగలేదు. అడగడానికేముంది, ఆమె భక్తి చల్లారిపోయిందని నాకు నేనే తీర్మానం చేసుకున్నాను.

ఒక ఆదివారం పాస్టరయ్య, విశ్వాసికి మూడు పనులున్నాయని చెప్పారు. ఎప్పుడూ సంతోషంగా ఉండాలి, ఆపకుండా ప్రార్థన చెయ్యాలి, ఏం జరిగినా దేవునికి కృతజ్ఞత చెప్పాలి. నేను మూడూ ఒకేసారి మొదలుపెట్టాను. నా స్వభావమే అంత. ఆకలి లేకపోయినా, విస్తరి వేశారంటే అన్నీ వడ్డించుకునే రకం.

మొదట సంతోషం. పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో నవ్వడం సాధన చేశాను. ఆ నవ్వుతోనే వీధిలోకి వెళితే, ఎదురింటి ముసలాయన జాలిగా చూసి, "ఏమప్పా, దవడ పన్ను నొప్పా? లవంగం పెట్టుకో" అన్నాడు. తర్వాత ప్రార్థన. తోటకు నీళ్ళు కట్టేటప్పుడు కళ్ళు మూసుకుని ప్రార్థిస్తూ కాలువ తిప్పాను. కళ్ళు తెరిచేసరికి మా బోరు నీళ్ళు పక్కాయన రాగి చేనంతా తడిపి ఉన్నాయి. ఆయన గట్టు మీద నిలబడి నాకు చేతులెత్తి దండం పెట్టాడు. "దినామూ ఇట్లే ప్రార్థన చెయ్యప్పా, నా చేను బాగుపడతాది" అన్నాడు.

ఇక కృతజ్ఞత. అది నా భార్య ప్రాణం మీదికి వచ్చింది. కరెంటు పోతే స్తోత్రం అనేవాణ్ణి. బస్సు తప్పిపోతే స్తోత్రం. సాంబారులో ఉప్పు ఎక్కువైతే ఒక ముద్ద తిని, కళ్ళు పైకెత్తి, స్తోత్రం. "ఉప్పెక్కువైందని చెప్తే చాలదా? నడాన దేవుణ్ణెందుకు లాగుతావు?" అని ఆమె గిన్నె ఎత్తుకుని పోయేది.

చింతామణిలో మాత్రం నాకు మంచి పేరొచ్చింది. ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం ఉంటుంది. ఆ వారంలో దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పవచ్చు. తక్కినవాళ్ళు, జ్వరం తగ్గింది, పిల్ల పరీక్ష పాసయ్యింది అని రెండు మాటలు చెప్పి కూర్చునేవాళ్ళు. నేను లేస్తే పది నిమిషాలు. మా పక్కాయన చేను తడిసిన సంగతిని కూడా, పొరుగువానికి నీరిచ్చే భాగ్యం దేవుడు నాకిచ్చాడని చెప్పాను. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, అది నన్ను చూసే పుట్టిన సామెత.

ఆ ఊపులోనే ఒకరోజు, ఎవరి కోసం ప్రార్థించాలో అడిగే ప్రార్థన మనవుల దగ్గర లేచి నిలబడ్డాను. గొంతు కొంచెం వణికించి, "నా భార్య విశ్వాసం చల్లారిపోయింది. ఆమె కోసం సంఘమంతా ప్రార్థించాలి" అన్నాను. హాలంతా అయ్యో అంది. ఆ అయ్యోలో సగం ఆమె మీద జాలి, సగం నా మీద మెప్పు అని నాకు తెలుసు. నా వాటా నాకు తీయగానే ఉంది. వచ్చే శనివారం మీ ఇంటికే వచ్చి ప్రార్థన చేస్తామన్నారు. రండి రండి అన్నాను.

పురుగులు ఏ దశలో ఉన్నాయన్న సంగతి నాకు ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. గుర్తుకు రావడానికి వాటి మంచిచెడ్డలు చూసేది నేను కాదు కదా.

పట్టుపురుగు తన చిన్న బతుకులో నాలుగుసార్లు తిండి మాని, తల పైకెత్తి, కదలకుండా పడుకుని పాత చర్మం విడుస్తుంది. దాన్ని మేము జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు ఆపకుండా తింటుంది. ఆ వారం పురుగుల ఇంట్లోకి బయటి మనిషిని రానివ్వరు. అన్నదమ్ములైనా వాకిట్లోంచే మాట్లాడి పోతారు. గుమ్మానికి తడిపిన గోనెపట్టా, గుమ్మం ముందు బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్ళ తొట్టి. అందులో కాళ్ళు ముంచి, చేతులు కడుక్కుని లోపలికి పోవాలి. ఊదుబత్తి, పౌడరు, సెంటు ఏవీ దరికి రాకూడదు. ఆ వారం మా ఇంట్లో తిరగమాత కూడా వేసేది కాదు నా భార్య.

శనివారం మధ్యాహ్నం పన్నెండు మంది బస్సు దిగి నడుచుకుంటూ వచ్చారు. దేవుని పని మీద వస్తున్నారు కాబట్టి అందరూ మంచి బట్టలు కట్టుకుని, పౌడర్లు పూసుకుని, తలకు నూనె పెట్టుకుని వచ్చారు. నాలుగో జ్వరం లేచి అప్పటికి నాలుగు రోజులు. పురుగుల ఇంట్లో, ముప్పై తట్టల మీద కూడా ప్రార్థన చేద్దాం అని ఒక పెద్దమ్మ అంది. నా భార్య గోనెపట్టాకు అడ్డంగా నిలబడింది.

"తప్పనుకోవద్దండమ్మా, కాళ్ళు ఈ నీళ్ళలో ముంచి రావల్ల" అంది.

పాస్టరయ్య చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడుచుకుంటున్నారు. పాపం, ఆయన మర్యాదస్తుడు. నాకే తల కొట్టేసినట్టయింది. "దేవుని బిడ్డలకు బ్లీచింగ్ నీళ్ళేందే? నువ్వు జరుగు" అని ఆమెను పక్కకు జరిపి, అందరినీ లోపలికి తీసుకుపోయాను. చప్పట్లు కొట్టి రెండు పాటలు పాడారు. పెద్దమ్మ సీసాలోంచి ప్రార్థన నూనె తీసి, ప్రతి తట్ట అంచుకూ వేలితో రాసింది. నేను అన్ని తట్టలూ దగ్గరుండి చూపించాను.

బయటికొచ్చాక ఆ పెద్దమ్మే నా భార్య తల మీద చెయ్యి పెట్టి ఆప్యాయంగా అంది. "నీ విశ్వాసం చల్లారిపోయిందని మీ ఆయన ఏడ్చి చెప్పినాడమ్మా. నువ్వేం దిగులు పడద్దు. నీ కోసరం సంఘమంతా ప్రార్థన చేస్తాండాది."

నా భార్య నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత లోపలికి పోయి పన్నెండు మందికీ కాఫీ కలిపింది.

మూడో రోజుకు పురుగులు పండి, గూడు కట్టే ముందు పసుపుపచ్చగా మారాలి. మారలేదు. ఉబ్బి, తట్టల అంచుల మీదికి పాకి, పగిలి పాలలాంటి నీరు కార్చాయి. పాల రోగం. పట్టుపరిశ్రమ ఇలాఖా ఆఫీసరు వచ్చి చూసి, ఎండల వల్ల కావచ్చు, ఆకు వల్ల కావచ్చు, బయటి మనుషుల వల్ల కూడా కావచ్చు, ఇదని చెప్పలేం అన్నాడు. ఈ రోజుకీ నాకు తెలియదు. తోట చివర గుంత తీసి, ముప్పై తట్టల పురుగుల్ని అందులో పోసి సున్నం చల్లాం.

ఆ గుంత గట్టు మీద నిలబడి నేను ఏమన్నానో రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. చేతులెత్తి, "అన్నిటికీ స్తోత్రం" అన్నాను.

ఆమె చేతిలో గంప కింద పెట్టింది. "గట్టిగా చెప్పయ్యా. చచ్చిన పురుగులకు ఇనపడల్యా" అంది.

నేను ఏదో అనబోయాను. ఆమె వినలేదు. "పంట పోతే ఇంకో పంట వస్తాది. అంతమందిలో నన్ను చల్లారినదాన్ని చేసినావే, దాన్నేం చేస్తావు? ఆదివారం పూట వీటికి ఆకెవరేస్తారు? నువ్వు పోవల్లంటే నేను ఉండల్ల. 'ఈ వారం నువ్వు పో, నేనుంటాను' అని ఒక్క దినమన్నా నీ నోటెంట వచ్చినాదా?"

రాలేదు. మూడేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. ఆమె చెప్పేదాకా అది నాకు తట్టనే లేదు. మర్నాడు పొద్దున సంచిలో రెండు చీరలు పెట్టుకుని బాగేపల్లిలో వాళ్ళ అక్క ఇంటికి పోయింది. ఎప్పుడొస్తావని అడిగితే, చూస్తాను అంది. వస్తాను అనలేదు.

ఆ పది రోజులు నాకు సంతోషమూ రాలేదు, సాధనా గుర్తుకు రాలేదు. ఉప్పు ఎక్కువైన సాంబారు నేనే చేసుకుని నేనే తిన్నాను. స్తోత్రం చెప్పడానికి ఎదురుగా ఎవరైనా ఉండాలని అప్పుడే తెలిసింది నాకు. ఉత్త గోడకు చెబితే అది నోటిలోనే ఆరిపోతోంది. ఆమె రాదేమోనని భయం వేసింది. షెడ్డు గోడలకు సున్నం కొట్టాను, తట్టలన్నీ కడిగి ఎండబెట్టాను. పదో రోజు, ఆదివారం, చింతామణికి పోయి సాక్ష్యానికి లేచాను. అలవాటు ఊరికే పోదు, లేవగానే గొంతు వణకడానికి సిద్ధమైంది. దాన్ని మింగి, "నా భార్య విశ్వాసం చల్లారలేదు. నేను ఇక్కడ సాక్ష్యాలు చెబుతుంటే ఆమె ఇంట్లో పురుగులకు ఆకు వేస్తూ ఉండేది. నేను చెప్పింది అబద్ధం. దానికే ఆమె బాగేపల్లిలో వాళ్ళ అక్క ఇంటికి పోయింది" అని కూర్చున్నాను. నా జీవితంలో అదే అతి చిన్న సాక్ష్యం. ఎవరూ కళ్ళొత్తుకోలేదు. పాస్టరయ్య మాత్రం తర్వాత బయట నా భుజం తట్టి, "బాగేపల్లి బస్సు ఎన్నింటికప్పా?" అని అడిగారు.

ఆ బస్సు పట్టుకునే పోయాను. నేను చింతామణిలో చెప్పింది చెబితే ఆమె విని, లోపలికి పోయి కాఫీ కలిపింది. గ్లాసు నా చేతికిస్తూ, "వచ్చే పంటకు ఆదివారాలు నేను పోతాను. ఆకు నువ్వెయ్యల్ల" అంది. సరేనన్నాను. "జ్వరం లేచిన వారం కూడా" అంది. దానికీ సరేనన్నాను. ఆకాశానికి నిచ్చెన వేసి ఎక్కమన్నా ఎక్కేవాణ్ణి ఆ రోజు.

తర్వాతి పంటలో నాలుగో జ్వరం లేచాక వచ్చిన ఆదివారం, ఆమె తెల్ల చీర కట్టుకుని ఏడు గంటల బస్సుకు పోయింది. నేను కాళ్ళు తొట్టిలో ముంచి లోపలికి పోయాను. ఆకు తెంపడం, మోయడం, పరచడం, అడుగున ఉన్న కసువు తియ్యడం. ఒక చివర నుంచి మొదలుపెట్టి ముప్పయ్యో తట్టకు వచ్చేసరికి మొదటి తట్ట ఖాళీ. షెడ్డంతా పురుగులు మేసే చప్పుడు, వాన పడుతున్నట్టు. ఆపకుండా ప్రార్థన చెయ్యడానికి ఇదే మంచి సమయం అనుకుని మొదలుపెట్టాను. నాలుగో తట్ట దగ్గర మాటలు అయిపోయాయి, పదో తట్ట దగ్గర నడుము పోయింది. ఆమె ఇన్నేళ్ళూ ఈ పని చేసి, పైగా నా స్తోత్రాలు కూడా విన్నదని తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

మధ్యాహ్నం రెండింటికి ఆమె వచ్చింది. చీర మార్చుకుని, కాళ్ళు కడుక్కుని నేరుగా షెడ్డులోకి వచ్చి నా పక్కన నిలబడి ఆకు వెయ్యడం మొదలుపెట్టింది. ముఖం తేటగా ఉంది. నేను ఉండబట్టలేక అడిగాను.

"సాక్ష్యం చెప్పినావా?"

"ల్యా. ప్రార్థన మనవి పెట్టినాను."

పెడుతుంది మరి, ఎందుకు పెట్టదు, నేను పెట్టలేదా అనుకున్నాను. "ఎవరి కోసరం?" అన్నాను.

"పురుగుల కోసరం. ఈ సారన్నా బాగా రావల్లని."

"నా సంగతి ఏం చెప్పలేదా?"

ఆమె తట్టలో ఆకు సమంగా సర్దుతూ, నా వైపు తిరగకుండానే అంది. "నీ సంగతి ఈడ తట్టకొక మాట చెప్పుకుంటానే ఉండా గదా, మూడేండ్లుగా. ఈ మనిషికి కొంచెం బుద్ధియ్యి దేవుడా అని. అది నలుగురిలో చెప్పే మాటా?"

ముప్పై తట్టలు, రోజుకు నాలుగైదు మేతలు, మూడేళ్ళు. నేను సంఘం ముందు ఒక్కసారి ఆమె పేరెత్తి మెప్పు కొట్టేశాను. ఆమె నన్ను అన్నిసార్లు తలుచుకుని ఎవరికీ చెప్పలేదు. నాకు స్తోత్రం అన్న మాట రాలేదు. ఏడుపు వచ్చింది, అదీ చిన్నపిల్లవాడిలా ముక్కు ఎగబీలుస్తూ, తట్ట మీదికి వంగి.

ఆమె నా భుజం పట్టుకుని వెనక్కి లాగింది.

"యాడన్నా బయటికి పోయి ఏడువు పో. ఆకు తడిస్తే పురుగుకు రోగమొస్తాది" అంది.