నోరు మెదపని పరీక్ష

మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నేను ల్యాబులో ఇటుకను యంత్రం కింద పెట్టి ఉన్నాను. బరువు చూపే ముల్లు ఎక్కుతోంది. ఫోను మోగింది, తీయలేదు. ముల్లు ఎక్కేటప్పుడు ఫోను ముట్టకూడదన్నది ఆమె పెట్టిన నియమమే. ఇటుక పగిలాక, అంకె కంప్యూటర్లోకి ఎక్కించాక, చేతులు తుడుచుకుని తిరిగి చేశాను. పెద్దపల్లి నుంచి మేడం చెల్లెలు. "అక్క పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగుకుంట తాగుకుంటనే ఒరిగింది. గుండెనట," అంది. అక్కడే కుర్చీలో కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత ఏం చేశానో చెబితే మీరు నవ్వుతారు. ఇందాకటి ఇటుక అంకె సరిగ్గా ఎక్కించానా లేదా అని మళ్లీ చూసుకున్నాను. సరిగ్గానే ఉంది. మేడం ఉంటే మొదట అదే అడిగేవారు.

ఆమెది మంథని. గుడి సేవలోనో బడి పంతుళ్లుగానో స్థిరపడిన పాత కుటుంబం. అందులోంచి ఈమె ఒక్కతే పదార్థాల శాస్త్రం చదివి, గోదావరిఖనికి వచ్చి బూడిదలో చేతులు పెట్టారు. "బూడిద మా ఇంటికి కొత్తనా? మా తాత నుదుటికి పెట్టుకునేది, నేను మోచేతుల దాక పెట్టుకుంటున్న," అనేవారు.

మా పని సంగతి తెలియనివాళ్లకు రెండు మాటల్లో చెబుతాను. మా బాయిల్లో తవ్విన బొగ్గు రామగుండం పవర్‌హౌస్‌లో కాలి కొండలకొద్దీ బూడిదవుతుంది. దానికి సున్నం, ఇసుక కలిపి ఇటుకలు చేయొచ్చు. ఏ బూడిదతో చేసిన ఇటుక ఎంత బరువు మోస్తుందో తేల్చడం మా ల్యాబు పని. రెండు గదులు, ఇటుకను నొక్కి పగలగొట్టే యంత్రం, నీళ్ల తొట్టి, రెండు కంప్యూటర్లు. శిక్షణకు వచ్చిన మేమంతా బాయి పనివాళ్ల పిల్లలం. "బూడిద పిసుకనీకి డిగ్రీ ఎందుకే బిడ్డా?" అని మా బాపు అడిగాడు కూడా.

మొదటి రోజు మేడం నా చేతిలో సగం పగిలిన ఇటుక పెట్టారు. "ఇది ఎవలు చేసిన్రు? ఎన్నడు? ఏ బూడిదతోని?"

"నాకెట్ల తెలుస్తది మేడం?"

"ఇటుకనడుగు."

"అది మాట్లాడదు కద మేడం!"

"మరింకేంది! దానితోని మాట్లాడిచ్చుడే నీ కొలువు."

అలా మొదలైంది నా చదువు. ప్రతి ఇటుక మీద ఒక నంబరు, అదే నంబరుతో కంప్యూటర్లో ఒక ఫైలు. బూడిద ఏ బస్తాది, సున్నం ఎంత, నీళ్లెన్ని, కలిపిన చెయ్యి ఎవరిది, ఆ రోజు ఎండా వానా, అన్నీ అందులో ఉండాలి. మాలో ఒకడు ఫైలుకు 'ఫైనల్' అని పేరు పెట్టి, మర్నాడు 'ఫైనల్ కొత్తది' అని ఇంకోటి చేసి, ఆ మర్నాడు 'ఇదే ఫైనల్' అని మూడోది చేశాడు. మేడం మూడింటినీ చూసి, "వీడు పెండ్లికి గూడ గిట్లనే మూడు లగ్నపత్రికలు అచ్చేస్తడు. చుట్టాలు ఏ పెండ్లికి పోవాల్నో తెల్వక ఇంట్లనే కూసుంటరు," అన్నారు. అప్పటి నుంచి వాడికి ఫైనలన్న అనే పేరే ఖాయమైంది.

ప్రతి శనివారం అన్ని ఫైళ్లూ సీడీలోకి ఎక్కించి, టిఫిన్ సంచిలో పెట్టుకుని పెద్దపల్లి బస్సెక్కేవారు. చెల్లెలి ఇంట్లో బట్టల బీరువాలో చీరల మధ్య మా ఇటుకల లెక్కలు భద్రంగా ఉండేవి. "ఇక్కడ తొట్టి పగిలి అంత నానిపోయినా, పెద్దపల్లిల ఉన్నది తడువది," అనేవారు.

అన్నింటికంటే నన్ను ఏడిపించింది ఆమె పెట్టిన నోరు మెదపని పరీక్ష. "మీ నాయినలు షిఫ్టు దిగేటప్పుడు, ఎక్కేటోనికి అన్ని చెప్పి దిగుతరు. మంచిదే. కానీ చెప్పేటోడే లేకుంటే ఎట్ల?" అని అడిగారు ఒకరోజు. జవాబుగా ఆమె పరీక్ష పెట్టారు. ఒకరి ఫైలు ఇంకొకరికి ఇస్తారు. వాళ్లు అది చూసి, అదే ఇటుకను మొదటి నుంచి చేయాలి. ఫైలు రాసినవాళ్లు గోడకు ఆనుకుని నిలబడాలి, ఒక్క మాట మాట్లాడకూడదు. మాట జారకుండా తలా ఒక పల్లీపట్టి నోట్లో పెట్టేవారు. నా వంటి వాగుడుకాయకు అంతకంటే పెద్ద శిక్ష లేదు. అన్నీ అయ్యాక ఆమె చప్పట్లు కొట్టి, "ఇగ మాట్లాడుండ్రి!" అనేవారు. అంతే, గది పైకప్పు లేచిపోయేది.

ఇలా కులాసాగా సాగుతుండగా హైదరాబాద్ నుంచి ఒక పెద్ద సారు వచ్చారు. మా లెక్కలన్నీ ఒక గ్రాఫు మీద పెట్టి చూశారు. మెత్తటి బూడిదతో చేసిన ఇటుక గట్టిగా ఉండాలి, గరుకుదానితో చేసింది తొందరగా పగలాలి. మా చుక్కలేమో కల్లంలో వడ్లు చల్లినట్టు ఎటుబడితే అటు పడి ఉన్నాయి. ఆయన కోపం చేసుకోలేదు. "పిల్లలు కష్టపడ్డారు, కాదనను. కానీ ఈ లెక్కల్ని నమ్మలేం మేడం. యంత్రం హైదరాబాద్‌కు తరలిద్దాం," అన్నారు. యంత్రం పోతే ల్యాబు లేదు, ల్యాబు లేకపోతే మేమూ లేము. ఆ మధ్యాహ్నం ఎవరూ అన్నం డబ్బా విప్పలేదు. మేడం మాత్రం ఆయనను గేటు దాకా సాగనంపుతూ, "ఒక్క అవకాశం ఇవ్వండి సార్. మా ఫైలు చూసి మీరే ఇటుక చేయండి, మీరే పగలగొట్టండి. మా పిల్లలు నోరు తెరవరు," అన్నారు. ఆయన ఒప్పుకున్నారు.

మర్నాడు పరీక్షకు మేడమే కూర్చున్నారు. ఫైలు ఫైనలన్నది. "ఐదో తారీఖు నైట్ షిఫ్టు బస్తా," అని పైకి చదివి, ఏ షిఫ్టు బూడిద ఎంత మెత్తనో రాసి పవర్‌హౌస్ వాళ్లు పంపిన కాగితంలో ఐదో తారీఖు నైట్ వరుస చూశారు. బూడిద చాలా మెత్తన అని ఉంది. బస్తాలో చెయ్యి పెట్టి వేళ్ల మధ్య రాసి చూశారు. "ఇది గరుకున్నదేందిరా?" గోడ దగ్గర ఫైనలన్న గుడ్లు మిటకరిస్తున్నాడు, చేతులు ఊపుతున్నాడు. ఇక ఆగలేక పల్లీపట్టి నమలకుండానే మింగేశాడు. "మేడం, అది ఐదో తారీఖు నైటే, కానీ బస్తా నింపింది ఆరో తారీఖు తెల్లారంగ!"

మేడం మా అందరి మొహాలూ చూశారు. మాకేమో అందులో వింతేముందో అర్థం కాలేదు. అర్ధరాత్రి దాటగానే తేదీ మారుతుందని లోకానికంతా తెలుసు. మా ఇళ్లల్లో మాత్రం నైట్ డ్యూటీకి పోయిన మనిషి పొద్దున ఇంటికొచ్చి, నీళ్లు పోసుకుని పండుకుంటేనే నిన్నటి రోజు అయిపోయినట్టు. పుట్టినప్పటి నుంచి అదే లెక్క. పవర్‌హౌస్ కాగితమేమో అర్ధరాత్రి నుంచే కొత్త తేదీ వేస్తుంది. అంటే మా నైట్ బస్తాలన్నీ ముందురోజు బూడిదతో జతపడి కూర్చున్నాయన్నమాట!

తిట్లు పడతాయనుకున్నాం. మేడం నవ్వడం మొదలుపెట్టారు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. "అరే, దొరికిందిరా! ఇటుకలు నిజమే చెప్తున్నయి, మనమే వాటికి తప్పు తారీఖు తగిలిచ్చినం!" అని బల్ల మీద చరిచారు. ఫైనలన్న ఉత్సాహంగా పాత తేదీలు చెరిపేయబోతే చెయ్యి పట్టుకున్నారు. "చెరుపకు. రాసింది రాసినట్టే ఉండనియ్. పక్కన కొత్త తారీఖు రాయి, ఎందుకు మార్చినవో రాయి. రేపు చూసేటోనికి మనం యాడ తప్పినమో గూడ తెల్వాలె."

సాయంత్రానికి అన్నీ సరిచేసి గ్రాఫు మళ్లీ వేశాం. చుక్కలు ఒక్కొక్కటే వచ్చి, కిందినుంచి పైకి, ఒకదాని వెంట ఒకటి సర్దుకున్నాయి! నేను కుర్చీ ఎక్కి గంతులు వేశాను. మేడం బజారు నుంచి మిర్చి బజ్జీలు తెప్పించారు. నూనె చేతులతో కీబోర్డు ముట్టొద్దని ఆ సంబరంలోనూ అరుస్తూనే ఉన్నారు.

హైదరాబాద్ సారు వచ్చి మా ఫైలు ముందు పెట్టుకుని ఇటుకలు పోశారు. మధ్యలో రెండుసార్లు మావైపు చూసి ఏదో అడగబోయారు. మేం గోడకు ఆనుకుని, పట్టి చప్పరిస్తూ ఆయనవైపే చూశాం. ఆయనే ఫైలులో వెతుక్కున్నారు, దొరికింది. ఇటుకలు తొట్టి నీళ్లలో నాని గట్టిపడే గడువు తీరాక మళ్లీ వచ్చి యంత్రం కింద పెట్టారు. ముల్లు కదిలింది. ఎక్కింది. ఇంకా ఎక్కింది. నా పక్కనున్న ఫైనలన్న నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గోళ్లు దిగాయి. టప్‌మని ఇటుక పగిలింది. ఆయన ముల్లును చూశారు, గ్రాఫును చూశారు, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. పగలాల్సిన చోటే పగిలింది. "యంత్రం ఇక్కడే ఉంటుంది మేడం," అన్నారు. మేడం మావైపు తిరిగి చప్పట్లు కొట్టారు. "ఇగ మాట్లాడుండ్రి," అన్నారు. మేం చేసిన గోలకు పక్క వీధివాళ్లు వచ్చి ఏమైందని అడిగారు.

మొన్న తెలంగాణ వచ్చిన సంబరంలో మా కొత్త పిల్లలు పాత ఫైళ్లన్నింట్లోనూ రాష్ట్రం పేరు మార్చేద్దామని కూర్చున్నారు. అందరికంటే ఎక్కువ మిఠాయి పంచిన మేడమే పరుగున వచ్చి ఆపారు. "మన రాష్ట్రం మనకొచ్చింది, సంతోషమే. కానీ ఆ ఇటుక పగిలినప్పుడు ఏ పేరున్నదో అదే ఉండాలె. ఇయ్యాల చేసే ఇటుకకు తెలంగాణ అని రాసుకోండ్రి, పెద్దగ రాసుకోండ్రి!"

ఆమె పోయేముందు చివరగా పోసిన ఇటుకలు తొట్టిలో ఉండిపోయాయి. కలిపిన రోజు పక్కన ఎవరూ లేరు. ఏ కొత్త కొలత ప్రయత్నించారో మాలో ఎవరికీ తెలియదు. ఉన్నదల్లా ఆమె ఫైలు. నానే గడువు నిన్నటితో తీరింది. ఆ ఫైలును కమాన్‌పూర్ నుంచి కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చాను. మేడం సొరుగులో మిగిలిన పల్లీపట్టీలు తలా ఒకటి నోట్లో వేసుకుని మిగతావాళ్లం గోడ దగ్గర నిలబడ్డాం. ఆ అమ్మాయి చదివింది, ఇటుకను తీసింది, తుడిచింది, పెట్టింది. ఎక్కడా ఆగలేదు, ఎవరివైపూ చూడలేదు. ముల్లు ఎక్కింది. ఇటుక పగిలింది. ఎంత బరువు దగ్గర పగులుతుందని ఆమె రాసుకున్నారో, అక్కడే!

అమ్మాయి అంకె ఎక్కించింది. ఎవరూ కదల్లేదు. ఎవరూ మాట్లాడలేదు. దేనికోసం ఎదురుచూస్తున్నామో నాకు కాసేపటికి గానీ తట్టలేదు.

"అక్కా, పట్టి అయిపోయింది," అంది గోడ దగ్గరున్న ఒక కొత్త పిల్ల నెమ్మదిగా. "ఇగ మాట్లాడొచ్చా?"

అందరూ నావైపు చూశారు. చప్పట్లు కొట్టడానికి చేతులు రెండుసార్లు లేచి ఆగాయి.

"ఇగ మాట్లాడుండ్రి," అన్నాను.

ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ గోల మధ్య, యంత్రం పళ్లెం మీద ఇటుక రెండు ముక్కలై ఇంకా నీళ్లోడుతోంది. ఒక ముక్క మీద మేడం చేత్తో వేసిన నంబరు చెక్కుచెదరకుండా ఉంది.