బార్సిలోనా తమ్ముడు

న్యూయార్క్ వెళ్ళే రైల్లో నా పక్కన కూర్చున్నది ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. ల్యాప్‌టాప్‌లో ఏవో పేర్ల వరస చూస్తోంది. ఏమిటమ్మా అని అడిగాను.

"బార్సిలోనాని రూల్ చేసిన కౌంట్స్, కింగ్స్ లాంటివాళ్ళు, అంకుల్. మిడీవల్ హిస్టరీ నా మేజర్. ఈ ఇద్దరూ ట్విన్స్. నాన్న రాజ్యం ఇద్దరికీ కలిపి ఇచ్చాడు. ప్యాలెస్‌లో హాఫ్ ఇయర్ అన్న, హాఫ్ ఇయర్ తమ్ముడు ఉండాలి. తర్వాత అన్నని అడవిలో చంపేశారు. తమ్ముడే చేయించాడు అన్నారు అందరూ."

నాకు ఒళ్ళు మండింది. ప్లెయిన్స్‌బరోలో నేనూ మా తమ్ముడూ కలిసి పెట్టిన టిఫిన్ హోటల్ లీజు రెన్యూ చేసేటప్పుడు, వాడు నాకు చెప్పకుండా తన పేరొక్కటే పెట్టించుకున్నాడు.

"అలాంటివాడి పేరు ఇంకా ఉంచారేం?"

"రూల్ చేశాడు కదా అంకుల్. తీసేస్తే అక్కడ గ్యాప్ కనిపిస్తుంది."

నా ఒళ్ళోని సంచిలో మా అమ్మాయి పెళ్ళి శుభలేఖలున్నాయి. పిలిచేవాళ్ళలో నా పేరు కింద దాని బాబాయి పేరు లేకుండా నేనే దగ్గరుండి వేయించాను. ఆ పిల్లకి ఒకటి ఇద్దామని తీసి, మళ్ళీ లోపల పెట్టేశాను.

తర్వాత ఎవరికి శుభలేఖ ఇచ్చినా వాళ్ళ కళ్ళే చూశాను. నా పేరు కింద చూపు ఆగనివాళ్ళు ఒక్కరూ లేరు.